తొలి డీఎస్‌ఎల్‌ఆర్ కొనుగోలు: కెనానా, నికానా అనే ముందు తేల్చుకోవలసినది లెన్సు

ఖరగ్‌పూర్: కొత్తగా ఫొటోగ్రఫీలోకి అడుగుపెట్టే వ్యక్తి దుకాణం బల్ల ముందు నిలబడినప్పుడు సాధారణంగా రెండు పెట్టెలు ఎదురవుతాయి. ఒకదానిలో కెనాన్ ఈఓఎస్ 1500డి, మరొకదానిలో నికాన్ డి3500. రెండూ 2018లో విడుదలైనవే. రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్ల సెన్సరే ఉంది. రెండింటితోనూ వచ్చేది 18-55 మిల్లీమీటర్ల లెన్సే. ఏది మేలని అడిగితే కెనాన్ వాడే మిత్రుడు కెనాన్ అనీ, నికాన్ వాడే బావగారు నికాన్ అనీ చెబుతారు. ఇద్దరూ తమ అనుభవమే చెబుతారు కాబట్టి ఇద్దరినీ తప్పుపట్టలేము. అయితే కొనేవారి అవసరం మాత్రం ఆ రెండు సమాధానాల్లోనూ కనిపించదు.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైల్వే పట్టణంలో ఆ అవసరాన్ని గుర్తించడం కష్టం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి వర్క్‌షాపులోనూ, పట్టాల మీదా పనిచేసిన తెలుగువారి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. వారి ఇళ్లలో తొలి కెమెరా కొనే యువకుడు తీయాలనుకునే చిత్రాలు దాదాపు ముందే తెలుసు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరొందిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం, దాని మీదికి వచ్చే రైళ్లు. దసరా రాత్రి రావణ మైదానంలో జరిగే రావణ దహనం. తెలుగువాడల్లో మాతా పూజ ఊరేగింపు. రైల్వే క్వార్టర్స్‌లోని చిన్న గదుల్లో జరిగే నామకరణాలు, పెళ్లిచూపులు. ఆ తరువాత, చేయి తిరిగితే, పెళ్లిళ్లు. చివరిది కేవలం సరదా కాదు. అనేకమందికి అదే తొలి సంపాదన మార్గం. కెమెరా కోసం ఖర్చుపెట్టేది నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము కావడంతో ఎంపికలో పొరపాటు జరిగితే దాని భారం ఇంటి మీదే పడుతుంది.

ఈ నాలుగైదు రకాల చిత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, కెమెరా బాడీల మధ్య పోటీగా కనిపించేది నిజానికి లెన్సుల మధ్య పోటీ అని తేలుతుంది.

ముందు రైలును తీసుకుందాం. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు 30 మీటర్లు కదులుతుంది. దాన్ని పక్కనుంచి చూస్తూ సెకనులో 125వ వంతు షట్టర్ వేగంతో చిత్రం తీస్తే, షట్టర్ తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలోనే బోగీ దాదాపు 24 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. బోగీ మీది అక్షరాలు చెరిగిపోవడానికి అది చాలు. సెకనులో వెయ్యో వంతుకు వెళితే కదలిక మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది. స్టేషనులోకి నెమ్మదిగా, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికైతే 125వ వంతు వద్ద ఏడు సెంటీమీటర్ల లోపే. అంటే ప్లాట్‌ఫారం మీద బండి నిదానంగా ఆగుతున్నప్పుడు ఏ కెమెరా అయినా సరిపోతుంది. స్టేషను దాటిన తరువాతి మార్గంలో దూసుకుపోయే బండికి మాత్రం వేగవంతమైన షట్టర్, దానికి తగినంత వెలుగు కావాలి.

వరుసగా చిత్రాలు తీయడంలో బాడీల తేడా కొంత కనిపిస్తుంది. 1500డి సెకనుకు మూడు చిత్రాలు, డి3500 ఐదు చిత్రాలు తీస్తాయి. 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య మొదటి కెమెరాలో పది మీటర్లు, రెండోదానిలో ఆరు మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. ఇంజను సరిగ్గా సిగ్నల్ స్తంభం పక్కకు వచ్చిన క్షణమే కావాలనుకునేవారికి ఆ నాలుగు మీటర్లు విలువైనవే. కానీ అంతకన్నా పెద్ద తేడా మరోచోట ఉంది. కిట్‌లో వచ్చే లెన్సును 55 మిల్లీమీటర్ల దాకా తిప్పి వంద మీటర్ల దూరంలోని ఇంజనును చూస్తే, కెనాన్ ఫ్రేములో సుమారు 40 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. మూడు మీటర్ల చిల్లర వెడల్పుండే ఇంజను అందులో అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. అదే 55-250 మిల్లీమీటర్ల లెన్సు చివరి కొసన ఫ్రేము వెడల్పు తొమ్మిది మీటర్లకు కుదించుకుపోయి, ఇంజను మూడో వంతు స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఈ మార్పును ఏ బాడీ తీసుకురాలేదు. కెనాన్‌లో 55-250 ఐఎస్ ఎస్‌టీఎం, నికాన్‌లో ఏఎఫ్-పీ 70-300 వీఆర్ ఈ పనికి ప్రవేశస్థాయిలో చాలినవి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. లెన్సు పేరులోని ఐఎస్ లేదా వీఆర్ అనే అక్షరాలు చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటుకు గుర్తులు. అవి రైలును ఆపవు, మండపం మీద అక్షింతలు చల్లే చేతులనూ ఆపవు. కదిలేది వస్తువైతే షట్టర్ వేగమే శరణ్యం. అయినా కిట్ లెన్సు కొనేటప్పుడు ఈ అక్షరాలు ఉన్నాయో లేదో చదువుకోవడం అవసరం. రెండు సంస్థల 18-55 లెన్సుల్లోనూ అవి ఉన్న రకమూ, లేని రకమూ ఉన్నాయి. చూపులకు రెండూ కవలల్లా ఉంటాయి.

గదిలో 50, వీధిలో 50

కొత్తవారికి తరచుగా లభించే సలహా ఒకటుంది: ‘50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు కొనుక్కో, చౌకగా గొప్ప చిత్రాలు వస్తాయి’. సలహాలో నిజముంది. కిట్ లెన్సు 55 వద్ద ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఎఫ్/1.8 లెన్సు దానికన్నా సుమారు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. ట్యూబ్‌లైట్ వెలుతురులో సెకనులో 15వ వంతుకు దిగజారి అలుక్కుపోయే చిత్రం, ఈ లెన్సుతో దాదాపు 150వ వంతు వద్ద నిలకడగా వస్తుంది.

సలహాలో లేనిది గది కొలత. ప్రవేశస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌ల సెన్సర్ పాతకాలపు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కన్నా చిన్నది. కెనాన్‌లో దాని వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, నికాన్‌లో 23.5. అందువల్ల 50 మిల్లీమీటర్ల లెన్సు ఈ కెమెరాలపై దృశ్యాన్ని మరింత దగ్గరకు లాగినట్లు చూపిస్తుంది. మూడు మీటర్ల దూరంలో కెనాన్ ఫ్రేములో పట్టేది 1.3 మీటర్ల వెడల్పు మాత్రమే. క్వార్టర్స్ ముందుగదిలో గోడకు వీపు ఆనించి నిలబడినా తాతయ్య, అమ్మమ్మ పక్కపక్కన పడతారు, మనవలు బయట ఉండిపోతారు. అదే గదిలో కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 లెన్సు 2.8 మీటర్ల వెడల్పును, నికాన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 డీఎక్స్ లెన్సు రెండు మీటర్ల వెడల్పును ఇస్తాయి. వీధిలో ఊరేగింపు వెళ్తున్నప్పుడు, నాలుగు అడుగులు వెనక్కు వేసే వీలున్నప్పుడు, ఘటం ఎత్తుకున్న స్త్రీ ముఖాన్ని జనం మధ్య నుంచి విడదీసి చూపడానికి 50కి సాటి వచ్చే చవకైన లెన్సు లేదు. కాబట్టి కొనేవారు ముందుగా తేల్చుకోవలసినది తాము ఎక్కువగా ఇంట్లో తీస్తారా, వీధిలో తీస్తారా అన్నది. దుకాణానికి వెళ్లే ముందు కిట్ లెన్సున్న స్నేహితుడి కెమెరాను అడిగి తీసుకుని, లెన్సును ఒకసారి 24 వద్ద, మరోసారి 50 వద్ద నిలిపి తమ ఇంటి గదిని తామే చూసుకుంటే ఈ సందేహం పది నిమిషాల్లో తీరిపోతుంది.

రావణ దహనం రాత్రి లెక్క వేరు. ఆకాశంలో పేలే బాణసంచాకు వేగం అవసరం లేదు, స్థిరత్వం కావాలి. ట్రైపాడ్ మీద కెమెరాను బిగించి, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టి, షట్టర్‌ను కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచితే కిట్ లెన్సే చక్కని చిత్రం ఇస్తుంది. చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది కాబట్టి దూరాన ఉన్న ఒక దీపం మీద ఫోకస్ కుదుర్చుకుని మాన్యువల్‌కు మార్చుకోవాలి. ఆ మంటల వెలుగులో మెరిసే జనం ముఖాలు కావాలంటే మాత్రం మళ్లీ ఎఫ్/1.8 లెన్సు, ఐఎస్‌ఓ 1600 లేదా 3200 అవసరం. ఒకే రాత్రి, ఒకే మైదానం, రెండు వేర్వేరు పనిముట్లు.

మౌంట్ ముడి

లెన్సు కెమెరాకు బిగుసుకునే లోహపు వలయాన్ని మౌంట్ అంటారు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చింది. చిన్న సెన్సర్ కెమెరాల కోసం 2003లో ఈఎఫ్-ఎస్ లెన్సులు చేరాయి. నికాన్ ఎఫ్ మౌంట్ వయసు ఇంకా ఎక్కువ, అది 1959 నాటిది. ఒక సంస్థ లెన్సు మరో సంస్థ బాడీకి నేరుగా సరిపోదు. తొలి కెమెరాతో పాటు కొనేవారు తెలియకుండానే ఒక కుటుంబంలోకి వియ్యమందినట్లవుతుంది. తరువాత కొనే ప్రతి లెన్సూ అదే వంశం నుంచి రావాలి.

పాత లెన్సులన్నీ కొత్త నికాన్ బాడీలపై పనిచేస్తాయన్న మాట సగమే నిజం. బిగుసుకోవడం వేరు, పనిచేయడం వేరు. డి3500, డి5600 వంటి ప్రవేశస్థాయి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని రాసి ఉన్న లెన్సుల్లో మోటారు లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8డి వంటి పాత ఏఎఫ్ లెన్సు తక్కువ ధరకు దొరికిందని తెచ్చుకుంటే, అది బిగుసుకుంటుంది గానీ ఆటోఫోకస్ చేయదు. ప్రతిసారీ చేత్తో తిప్పుకోవలసిందే. దీనికి విలోమంగా, ఏఎఫ్-పీ లెన్సులు డి3100, డి3200 వంటి పాత బాడీలతో ఫోకస్ చేయలేవు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో నికాన్ కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయేది మోసగాళ్ల చేతుల్లో కాదు, ఈ అక్షరాల చేతుల్లో.

కెనాన్‌లో ఈ చిక్కు లేదు. ఈఎఫ్ లెన్సులన్నింటిలోనూ మోటారు మొదటి నుంచీ లెన్సులోనే ఉంది. అందుకు బదులుగా మరో చిక్కుంది. 1500డి, 3000డి, 200డి మార్క్ 2 కెమెరాల తలపై ఫ్లాష్ అమర్చే గాడిలో మధ్యనుండే పిన్నును తొలగించారు. మధ్య పిన్ను మీదే ఆధారపడే సాధారణ ఫ్లాష్‌లు, స్టూడియో లైట్లను వెలిగించే చౌక ట్రిగ్గర్లు వీటిపై పనిచేయవు. కెనాన్ భాష మాట్లాడే ఫ్లాష్‌లే కావాలి. ఇంటి చిత్రాలు తీసుకునేవారికి ఈ లోపం ఎన్నటికీ తెలియకపోవచ్చు. పెళ్లి స్టూడియోలో సహాయకుడిగా చేరి, యజమాని దగ్గరున్న పాత ట్రిగ్గర్‌ను తన కెమెరాపై పెట్టి నొక్కిన రోజున తెలుస్తుంది.

పెళ్లి పని మనసులో ఉన్నవారు మరో రెండు విషయాలు గమనించాలి. ఒకే ప్రమాణంతో కొలిచినప్పుడు డి3500 బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 1,550 చిత్రాల దాకా, 1500డి బ్యాటరీ 500 చిత్రాల దాకా వస్తాయి. సాయంత్రం ఎదుర్కోలుతో మొదలై తెల్లవారుజాము ముహూర్తం దాకా సాగే తెలుగు పెళ్లిలో కెనాన్ వాడేవారి జేబులో అదనపు బ్యాటరీ తప్పనిసరి. రెండోది, ఈ కెమెరాల్లో మెమరీ కార్డు గాడి ఒక్కటే ఉంటుంది. కార్డు చెడిపోతే రెండో ప్రతి ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని ఎవరూ మళ్లీ పెట్టించలేరు కాబట్టి, ఒకే పెద్ద కార్డుకు బదులు రెండు మూడు చిన్న కార్డులను ఘట్టానికొకటి చొప్పున మార్చడం ప్రవేశస్థాయి కెమెరాతో పెళ్లి తీసేవారికి ఉన్న ఏకైక బీమా.

మిగిలిన తేడాలు చిన్నవి. 1500డిలో వైఫై ఉంది, డి3500లో బ్లూటూత్ మాత్రమే ఉంది. రెండింటిలోనూ బయటి మైకు పెట్టుకునే వీలు లేదు. వీడియో ముఖ్యమైతే ఒక మెట్టు పైనున్న 200డి మార్క్ 2 గానీ, డి5600 గానీ చూడాలి. ఈ రెండింటిలో తెరను చూస్తూ ఫోకస్ చేయడంలో కెనాన్‌ది స్పష్టమైన పైచేయి. ఇక 3000డి ధర తక్కువే అయినా 18 మెగాపిక్సెళ్ల సెన్సర్, ప్లాస్టిక్ మౌంట్‌తో వస్తుంది. లెన్సులు తరచుగా మార్చే ఉద్దేశం ఉన్నవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అస్తమిస్తున్న తరగతి

ఇంత చర్చకూ పైన ఒక పెద్ద ప్రశ్న నిలిచి ఉంది. ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ కొనవచ్చునా? కెనాన్, నికాన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం ఆర్‌ఎఫ్, జెడ్ అనే కొత్త మౌంట్లను ప్రవేశపెట్టాయి. ఆ తరువాత వాటి శ్రద్ధ అంతా అటే మళ్లింది. 2020లో వచ్చిన 1డి ఎక్స్ మార్క్ 3 తమ చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్ అవుతుందని కెనాన్ అధినేత ఫుజియో మితారాయ్ 2021 చివరిలో చెప్పారు. నికాన్ డి3500 తయారీ ఆగిపోయింది. కాబట్టి ఈ కెమెరాలకు కొత్త తరాలు వస్తాయని ఎదురుచూడటం వృథా.

అయితే తయారీ ఆగిన వస్తువు పనికిరానిది కాదు. ఖర్చుకు వెనుకాడనివారు మిర్రర్‌లెస్ వైపు వెళ్లడం సమంజసమే. పరిమితమైన సొమ్ముతో నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం, అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్న ఈ కాలంలో మంచి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరకడం ఒక అవకాశం. కొత్త బాడీ, కిట్ లెన్సుకు వెచ్చించే మొత్తంతో వాడిన బాడీ, ఒక టెలిఫొటో, ఒక ఎఫ్/1.8 లెన్సు సమకూరే వీలుంటుంది. ఆ లెన్సులు రేపు మిర్రర్‌లెస్‌కు మారినా వృథా కావు. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీలపై ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఆ సౌకర్యం ఉంది. మోటారు లేని పాత లెన్సులకు అక్కడా ఆటోఫోకస్ లేదు.

ఖరగ్‌పూర్ వాసులకు గోల్‌బజార్‌లో నచ్చినది దొరకకపోతే, సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని హావ్‌డా దాకా రైలు, అక్కడి నుంచి కోల్‌కతా ఎస్‌ప్లనేడ్ సమీపాన కెమెరా దుకాణాలకు పేరొందిన మెట్రో గలీ అందుబాటులో ఉన్నాయి. ఎక్కడ కొన్నా కొత్త వస్తువుకు జీఎస్టీ సంఖ్య ఉన్న బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు అడిగి తీసుకోవాలి. డిజిటల్ కెమెరాలపై పన్ను 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా తక్కువకిస్తామన్నప్పుడు తగ్గేది ఆ పన్నే గాని దుకాణదారు లాభం కాదు. పోయేది కొనేవారి వారంటీ.

వాడిన లెన్సు విషయంలో బెంగాల్ వాతావరణాన్ని మరవరాదు. నెలల తరబడి గాలిలో తేమ నిండి ఉండే ఈ ప్రాంతంలో బీరువాలో, తోలు సంచిలో మగ్గిన లెన్సుల్లోపల బూజు పడుతుంది. లెన్సును చేతిలోకి తీసుకుని, వెనుక నుంచి ఫోన్ టార్చి వెలిగించి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే సాలెపురుగు దారాల వంటి గీతలు కనిపిస్తాయి. అవి ఉంటే ధర ఎంత తగ్గించినా వదిలివేయాలి. కొద్దిపాటి ధూళి చిత్రంలో కనిపించదు, దానికి బేరం చెడగొట్టుకోనక్కరలేదు. నికాన్ బాడీ అయితే అప్పటికప్పుడు ఒక చిత్రం తీసి, దానిలో దాగి ఉండే సమాచారం నుంచి షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో తెలుసుకోవచ్చు. ప్రవేశస్థాయి కెనాన్‌లలో ఈ లెక్క అంత సులభంగా బయటపడదు కాబట్టి బాడీ అరుగుదలను, అమ్మేవారి మాటను నమ్ముకోవలసి ఉంటుంది. కొన్న తరువాత లెన్సులను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే సరిపోతుంది. వంటింట్లో పప్పులు దాచే డబ్బా అయినా ఫరవాలేదు. సిలికా జెల్ రంగు మారినప్పుడు వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు.

కొత్త కెమెరాతో ఉత్సాహంగా బయలుదేరేవారు ఈ పట్టణానికి ప్రత్యేకమైన ఒక హద్దును గుర్తుంచుకోవాలి. సమీపంలోనే కలైకుండ వైమానిక స్థావరం ఉంది. రక్షణ స్థావరాలను చిత్రీకరించడం నిషిద్ధం. టెలిఫొటో లెన్సు మెడలో వేసుకుని అటువైపు తిరగడం అనవసరమైన ప్రశ్నలకు దారి తీస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద కూడా ట్రైపాడ్ నిలబెట్టే ముందు స్టేషను అధికారుల అనుమతి తీసుకోవడం, పసుపు గీతకు ఇవతలే ఉండటం అవసరం. 250 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నవారు ఆ గీత దాటవలసిన పనే ఉండదు.